ఎవరి కన్నూ పడని వాటాలు

పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత. వాటాల బజారులోనూ ఇదే తంతు. పేరుమోసిన కంపెనీలను గూర్చి పదులకొద్దీ విశ్లేషకులు వ్రాస్తుంటారు. చిన్న కంపెనీల వైపు ఒక్కరూ తిరిగి చూడరు. అవి చెడ్డవై కాదు. విశ్లేషకులకు జీతమిచ్చే దళారీ సంస్థలకు భారీ క్రయవిక్రయముల వలననే ఆదాయము. కొద్దిపాటి వాటాలు మాత్రమే చేతులు మారే కంపెనీని పరిశీలిస్తే వాటికి గిట్టుబాటు కాదు.

ఈ సందర్భమున అమెరికా దేశపు ఉదాహరణ ఒకటి స్మరణీయము. 1911లో అక్కడి సుప్రీం కోర్టు తీర్పుతో స్టాండర్డ్ ఆయిల్ సంస్థ ముక్కలైనప్పుడు విడివడిన వానిలో నార్తర్న్ పైప్ లైన్ అనే చిన్న కంపెనీ ఒకటి. 1926లో బెంజమిన్ గ్రాహం వాషింగ్టన్ వెళ్లి, ఆ కంపెనీ ప్రభుత్వ కమిషనుకు సమర్పించిన నివేదికలను స్వయముగా చదివాడు. బజారులో వాటా ధర 65 డాలర్లు. ఒక్కొక్క వాటాకు కంపెనీ వద్ద ఉన్న బాండ్లు మున్నగు ఆస్తులు సుమారు 95 డాలర్లు! ఆ కాగితములు ఎవరైనా చూడవచ్చును, చూసినవారే లేరు. మిగులు ధనమును వాటాదారులకు పంచవలెనని 1927 నాటి సర్వసభ్య సమావేశములో ఆయన తీర్మానము పెట్టబోగా బలపరిచేవారే కరువయ్యారు. మరుసటి ఏట ఇతర వాటాదారుల మద్దతు కూడగట్టి గెలిచాడు. పిదప కంపెనీ వాటాకు 70 డాలర్లు పంచిపెట్టింది.

అయితే విస్మరింపబడినదల్లా మాణిక్యము కాదని మా హెచ్చరిక. అప్పులలో మునిగినందువలనో, యాజమాన్యము నిజాయితీ లేనిదైనందువలనో మూలబడిన వాటాలు అనేకము. కొనడము సులభము, అమ్మబోతే కొనేవాడుండడు. అట్టి వాటాలనే కొందరు ముందుగా కొని, వదంతులు పుట్టించి ధర పెంచి, అమాయకులకు అంటగట్టి తప్పుకుంటారు. ఎవరో చెవిలో ఊదిన మాట విని తండ్రి కూడబెట్టిన సొమ్మును పణముగా పెట్టడము మదుపు కాదు, జూదము.

గ్రాహంను గెలిపించినది అదృష్టము కాదు, చదువు. నేడు మన దేశములో కంపెనీల వార్షిక నివేదికలు స్టాక్ ఎక్స్ఛేంజీల వెబ్‌సైట్లలో ఉచితముగా లభిస్తున్నవి. ఆస్తి అప్పుల పట్టీని చదవగల కన్ను మాత్రమే కొరవడినది. కావున కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము: గ్రంథాలయములో కొన్ని చిన్న కంపెనీల నివేదికలను ఉంచి, వారమునకొక గంట వాటిని చదివించే ఏర్పాటు చేయవలెను. విద్యార్థి సోదర సోదరీమణులారా! ముందు చదవండి, ఆ పిమ్మటనే కొనండి.