లెక్కలోంచి జారిపోయిన అమ్మాయి

నివేదిక చివర అనుబంధంలో చిన్న అక్షరాలతో ఒక వరస ఉంది: "మొదటి సర్వేలో పాల్గొని చివరి సర్వేకి అందుబాటులో లేని విద్యార్థులు." దాని పక్కనున్న అంకెలో ఒకటి నాకు తెలిసిన అమ్మాయి. తొమ్మిదో తరగతి. ఒక మండల కేంద్రంలోని జిల్లా పరిషత్ హైస్కూల్లో గోడవైపు మూడో బెంచీలో కూచునేది. ఎందుకు అందుబాటులో లేదో నాకు తెలుసు. నివేదిక రాసినవాళ్ళకీ తెలుసు. కానీ ఆ సంగతి రాయడానికి పట్టికలో గడి లేదు.

ఎవరినీ తప్పుపట్టడానికి రాయడం లేదంటూ మొదలుపెట్టడం మనకి అలవాటు. నేను తప్పుపట్టడానికే రాస్తున్నాను. ఆ తప్పులో నా వాటా కూడా ఉంది కాబట్టి ఆ మాత్రం హక్కు ఉందనుకుంటాను.

కొన్నేళ్ళ కిందట ఒక స్వచ్ఛంద సంస్థ, టీనేజి పిల్లల ప్రేమల్లో జరిగే హింసని నివారించడానికని కొన్ని ప్రభుత్వ బడుల్లో పాఠాలు చెప్పించింది. పాఠాలకి ముందొక ప్రశ్నాపత్రం, అయ్యాక మళ్ళీ అదే ప్రశ్నాపత్రం. రెండింటి మధ్య తేడాయే కార్యక్రమం సాధించిన ఫలితం. ఇంగ్లీషులో తయారై వచ్చిన ఆ పత్రాన్ని తెలుగు చెయ్యడం నా పని. "గత మూడు నెలల్లో నీ డేటింగ్ భాగస్వామి నిన్ను..." అని మొదలయ్యే ప్రశ్న దగ్గర పెన్ను ఆగిపోయింది. తొమ్మిదో తరగతి పిల్లలకి డేటింగ్ లేదు, భాగస్వామి అసలే లేడు. వాళ్ళ మాటలు వేరు. వెంటపడుతున్నాడు, లైనేస్తున్నాడు, ప్రపోజ్ చేశాడు, సెట్టయింది, బ్రేకప్ చెప్పింది. 'వెంటపడటం' అన్న మాటే చూడండి. అది ప్రేమకి మొదటి మెట్టా, హింసకి మొదటి మెట్టా? మన పిల్లల భాషలో రెండింటికీ ఒకటే మాట. చాలా ఆలోచించి "నువ్వు ఇష్టపడే అబ్బాయి, లేదా నిన్ను ఇష్టపడుతున్నానని చెప్పే అబ్బాయి" అని రాశాను. సంస్థవాళ్ళు దాన్ని కొట్టేసి "స్నేహితుడు లేక స్నేహితురాలు" అని మార్చారు. హెడ్మాస్టర్లు ఒప్పుకోరట. ప్రేమల్లో హింస గురించిన సర్వేలోంచి మొదటి రోజే ప్రేమ ఎగిరిపోయింది.

హెడ్మాస్టర్ల భయం ఊరికే రాలేదులెండి. 2005లో కేంద్ర ప్రభుత్వం కౌమార విద్యా కార్యక్రమం మొదలుపెడితే 2007కల్లా చాలా రాష్ట్రాలు దాన్ని నిషేధించాయి. 2009లో వెంకయ్య నాయుడు అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ బడుల్లో లైంగిక విద్యే వద్దని సిఫారసు చేసింది. ఆ తర్వాత ఎవరొచ్చి ఏ పేరుతో పాఠం చెప్పినా అందులో పరిశుభ్రత ఉంటుంది, రక్తహీనత ఉంటుంది, అపరిచితులతో జాగ్రత్త ఉంటుంది. తనకి బాగా తెలిసినవాడు, తను కూడా ఇష్టపడినవాడు చెయ్యిచేసుకుంటే ఏం చెయ్యాలన్నది ఉండదు.

నింపిన పత్రాలు తిరగేస్తుంటే ఒకటి కనబడింది. నిన్ను కొట్టాడా, తోశాడా, చెయ్యి మెలితిప్పాడా అన్న మూడు ప్రశ్నలకీ 'లేదు' అని టిక్కు పెట్టి ఉంది. పక్కన మార్జిన్లో పెన్సిల్‌తో: "నన్ను ఏం చెయ్యలేదు. మాట్లాడకపోతే చెయ్యి కోసుకుంటానన్నాడు." అంకెలు ఎక్కించే కుర్రాడు మూడు సున్నాలు కొట్టి ముందుకెళ్ళాడు. మార్జిన్‌కి కోడ్ లేదు మరి. 2004లో వచ్చిన 'ఆర్య' సినిమాలో ఒకడు కాలేజీ భవనం ఎక్కి, ప్రేమిస్తున్నానని చెప్పకపోతే దూకేస్తానంటాడు. ఆ అమ్మాయి చెప్తుంది, కథ అక్కణ్ణించి నడుస్తుంది. ఆ సినిమా వచ్చేనాటికి ఈ పిల్ల పుట్టనైనా లేదు. బెదిరింపు మాత్రం తనకంటే ముందే పుట్టి, తనకోసం కాచుకుని ఉంది. ఆ 2004లోనే విజయవాడలో ఒక విద్యార్థినిని తరగతి గదిలోనే చంపారు. 2008 డిసెంబరులో వరంగల్లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. నిందితులు ముగ్గురూ పోలీసు ఎన్‌కౌంటర్లో చనిపోతే జనం జేజేలు కొట్టారు. 2021 ఆగస్టు 15న గుంటూరులో నడిరోడ్డు మీద మరొక అమ్మాయి. ప్రతిసారీ మనం "మార్పు బడినుంచే రావాలి" అని రాశాం. వచ్చిందో లేదో ఎలా తెలుసుకుంటామన్నది మాత్రం ఇంకెవరికో వదిలేశాం.

ఈ ప్రశ్నలు ఎక్కణ్ణించి వచ్చాయో కూడా చెప్పాలి. 1979లో అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మర్రే స్ట్రాస్ దంపతుల మధ్య హింసని కొలవడానికి ఒక కొలబద్ద ప్రచురించాడు. ఎవరు ఎన్నిసార్లు తోశారు, ఎన్నిసార్లు చెంపదెబ్బ కొట్టారు అని లెక్కపెట్టడమే దాని పద్ధతి. ఎవరు భయపడ్డారు, ఎవరు ఎవర్ని అదుపులో పెట్టారు అన్నది దానికి పట్టదు. స్త్రీవాదులు దశాబ్దాలుగా దీనిమీద పోట్లాడుతూనే ఉన్నారు. అయినా టీనేజి పిల్లల ప్రశ్నాపత్రాల్లో ఆ వంశమే నడుస్తోంది. దాని ఫలితం ఎలా ఉంటుందో ఒక మంచి అధ్యయనంలోనే చూడొచ్చు. కెనడాలోని ఒంటారియోలో 20 హైస్కూళ్ళలో, 14, 15 ఏళ్ళ పిల్లలు 1,722 మందితో 'ఫోర్త్ ఆర్' అనే పాఠ్యక్రమాన్ని పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించారు. రెండున్నరేళ్ళ తర్వాత, శారీరక హింసకి పాల్పడ్డామని చెప్పినవాళ్ళు ఆ పాఠాలు లేని బడుల్లో 9.8 శాతం, ఉన్న బడుల్లో 7.4 శాతం. అబ్బాయిల్లో 7.1 నుంచి 2.7కి తేడా. దీన్ని నేను తీసిపారెయ్యను, అంత ఓపిగ్గా రెండున్నరేళ్ళు ఆగి చూసినవాళ్ళే తక్కువ. కానీ అమ్మాయిల వరస చూస్తే రెండు రకాల బడుల్లోనూ సుమారు 12 శాతం. అంటే ఈ లెక్కన అబ్బాయిలకంటే అమ్మాయిలే ఎక్కువ కొడుతున్నారన్నమాట! సరదాకి గిల్లిందెవరు, విడిపించుకోవడానికి తోసిందెవరు, తప్పు తనమీద వేసుకోవడం చిన్నప్పట్నించీ అలవాటైందెవరికి, తప్పు దాచుకోవడం కొత్తగా నేర్చుకుందెవరు? ఈ త్రాసు అవేవీ తూచలేదు.

పోనీ అందరి లెక్కలూ కలిపి చూస్తే? 2013లో కోక్రేన్ సంస్థ 38 అధ్యయనాలని పరిశీలించి తేల్చిందేమిటంటే, పిల్లల పరిజ్ఞానం కొంచెం పెరిగింది, హింస సంఘటనలు తగ్గాయనడానికి ఆధారం దొరకలేదు. 2014లో క్యాంప్‌బెల్ సంస్థ చేసిన సమీక్షలో అవగాహన, అభిప్రాయాలు మెరుగుపడ్డాయి, ప్రవర్తనలో చెప్పుకోదగ్గ తేడా లేదు. మా బడుల్లో కూడా అదే. "అమ్మాయి వద్దంటే వద్దనే అర్థం: అవును, కాదు." పాఠాలయ్యాక దాదాపు అందరూ 'అవును' పెట్టారు. బిట్ పేపర్లు బట్టీపట్టి ఒడ్డునపడే పిల్లలకి మనం ఏ జవాబు కోరుకుంటున్నామో కనిపెట్టడం ఒక లెక్కా? ఆ వరసని సంస్థ రంగుల బొమ్మగా వేయించింది.

ఇంకో వరస ఉంది, దానికి బొమ్మ వెయ్యలేదు. తమకి ఏదో ఒకటి జరిగిందని చెప్పిన అమ్మాయిల సంఖ్య పాఠాల తర్వాత తగ్గలేదు, పెరిగింది. నాకు సంతోషం వేసింది. చెయ్యి కోసుకుంటానని బెదిరించడం, ఫోన్ లాక్కుని చూడటం, ఫలానావాడితో మాట్లాడొద్దనడం, వీటికి ఒక పేరుందని పిల్లలకి తెలిసింది కదా. సంస్థవాళ్ళకి గుండె జారింది. "డబ్బిచ్చేవాళ్ళు దీన్ని ఎలా అర్థం చేసుకుంటారో మేడం" అన్నారు. ఆ పట్టిక అనుబంధానికి పోయింది. నేను ఊరుకున్నాను. నా వాటా అని మొదట అన్నది దీని గురించే.

ఇక మూడో బెంచీ అమ్మాయి సంగతి. ఆరో పాఠమో ఏడో పాఠమో అయ్యాక, పాఠం చెప్పడానికి వచ్చిన కార్యకర్త దగ్గరికి వెళ్ళింది. "అక్కా, మీకు చెప్తే ఇంట్లో చెప్పరు కదా" అని అడిగింది. ఇంటర్ చదివే అబ్బాయి. కొన్నాళ్ళు బాగానే ఉన్నాడు. తర్వాత రెండుసార్లు కొట్టాడు. మానేద్దామంటే ఫొటోలున్నాయంటున్నాడు. ఆ కార్యకర్తకి ఇరవై రెండేళ్ళు. తనకి శిక్షణలో నేర్పిన ప్రకారం హెడ్మాస్టరు గారికి చెప్పింది. ఆయన మంచాయనే. తండ్రిని పిలిపించారు. తండ్రి మొదట అడిగింది "కొట్టాడా" అని కాదు, "ఎవరబ్బాయి?" అని. కులం తెలిశాక ఇంకేమీ అడగలేదు. సోమవారం నుంచి అమ్మాయి బడికి రాలేదు. మేనమామ ఊరు పంపారని ఒకరు, సంబంధాలు చూస్తున్నారని ఒకరు చెప్పారు. అబ్బాయి మాత్రం ఏ రోజూ కాలేజీ మానలేదు.

ఇక్కడ ఎవరూ రాక్షసులు కారు. అదే నన్ను ఇప్పటికీ పీడించే విషయం. 2012 పోక్సో చట్టం ప్రకారం లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్ళు పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోతే శిక్ష. పద్దెనిమిదేళ్ళలోపు ఇష్టంతో జరిగినా నేరమే. ఆ వయసు తగ్గించొద్దని 2023లో లా కమిషన్ కూడా చెప్పింది. అస్సాం, మహారాష్ట్ర, పశ్చిమ బెంగాల్ కోర్టుల్లో పోక్సో కింద వచ్చిన 7,064 తీర్పుల్ని ఎన్‌ఫోల్డ్ సంస్థ పరిశీలిస్తే వాటిలో 1,715 ప్రేమ వ్యవహారాలు. అంటే దాదాపు నాలుగో వంతు. ఈ వ్యవస్థలో ఒక అమ్మాయి హింస గురించి చెప్పాలంటే ముందు ప్రేమ గురించి ఒప్పుకోవాలి. ప్రేమ బయటపడగానే హింస చిన్నదైపోతుంది. 2018లో మిర్యాలగూడలో ఏం జరిగిందో చదివిన ఏ ఆడపిల్లకైనా, "మీ టీచరుకి చెప్పండి" అన్న పాఠం వింటే ఏమనిపిస్తుంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 20 నుంచి 24 ఏళ్ళ స్త్రీలలో పద్దెనిమిది నిండకముందే పెళ్ళయినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. ఇందులో ఎన్ని పెళ్ళిళ్ళు "పరువు పోకముందే" చేసేసినవో అడిగే గడి ఆ సర్వేలో కూడా లేదు.

మనం పాఠాలు పెట్టాం, పిల్ల ధైర్యం చేసి చెప్పింది, చెప్పినందుకు చదువు పోయింది. చదువు పోయింది కాబట్టి చివరి సర్వేలో లేదు. లేదు కాబట్టి ఫలితం మెరుగ్గా వచ్చింది. పరిశోధకులు దీన్ని అట్రిషన్ అంటారు. నమూనాలోంచి కొంతమంది రాలిపోవడం సహజమేనట. ఎవరు రాలారు, ఎందుకు రాలారు అని చూడకపోతే అది సహజంగానే కనిపిస్తుంది మరి.

మూల్యాంకనమే వద్దని నేననడం లేదు. సరిగ్గా చేసినవాళ్ళున్నారు. హర్యానాలో బ్రేక్‌త్రూ సంస్థ 'తారోం కీ టోలీ' పేరుతో రెండున్నరేళ్ళు పాఠాలు నడిపితే, 314 ప్రభుత్వ బడుల్లో సుమారు 14,000 మంది పిల్లలతో దాన్ని పరీక్షించి 2022లో ప్రచురించారు. ఎదుటివాళ్ళని మెప్పించే జవాబులు చెప్పే అలవాటు ఏ పిల్లలకి ఎక్కువో కూడా అందులో కొలిచారు. రెండేళ్ళ తర్వాత వెనక్కెళ్ళి మళ్ళీ చూశారు. న్యూయార్క్‌లో 30 మిడిల్ స్కూళ్ళలో చేసిన 'షిఫ్టింగ్ బౌండరీస్' నాకు ఇంకా నచ్చింది. అక్కడ కొన్ని బడుల్లో పాఠాలు మాత్రమే చెప్పారు. కొన్నింట్లో పాఠాలు లేకుండా బడినే మార్చారు. పిల్లల చేత బడి పటం గీయించి, ఎక్కడ భయమేస్తుందో గుర్తు పెట్టించి, అక్కడ పెద్దవాళ్ళని నిలబెట్టారు. వేధించినవాడు ఆ అమ్మాయికి దూరంగా ఉండాలని రాతపూర్వకంగా ఒప్పందం చేయించారు. 2013లో వచ్చిన ఫలితాల్లో ఒట్టి పాఠాలు పనిచెయ్యలేదు. బడిని మార్చడం పనిచేసింది. మన హైస్కూళ్ళలో ఆ పటం గీయమంటే పిల్లలు ఏం గీస్తారో ఊహించడం కష్టం కాదు. మరుగుదొడ్ల వెనక సందు, సైకిల్ స్టాండు, బస్సు దిగి బడిదాకా నడిచే అర కిలోమీటరు.

మన సంగతి కూడా ఒక మాట. అంకెలంటే మనకి చిన్నచూపు. అనుభవం ముఖ్యం, కథనం ముఖ్యం అంటాం. పాఠ్యపుస్తకాల్లో ఏముండాలన్న దానిమీద గట్టిగా పనిచేశాం, 2015లో తెలుగు అకాడమీ వేసిన అన్వేషి వాళ్ళ ద్విభాషా జెండర్ పాఠ్యపుస్తకం ఇంజనీరింగ్ కాలేజీల దాకా వెళ్ళింది కూడా. కానీ పాఠం అయ్యాక ఏం లెక్కపెట్టాలో నిర్ణయించే గదిలో మనం లేం. మార్జిన్లో పెన్సిల్ రాత చదవగలిగేది మనమే. అది చదివి వ్యాసం రాసుకుని ఊరుకుంటే పట్టికలో సున్నా సున్నాగానే ఉంటుంది.

కిందటేడు ఇంకో సంస్థ, మళ్ళీ ప్రశ్నాపత్రం, మళ్ళీ తెలుగు చెయ్యమని. ఈసారి నేను ఒక కాగితం అదనంగా జతచేసి పంపాను. ఈ ఏడాది ఎంతమంది అమ్మాయిలు తమకి జరిగింది బడిలో ఎవరికైనా చెప్పారు? చెప్పిన ఆరు నెలలకి వాళ్ళలో ఎంతమంది బడికి వస్తున్నారు? సెక్షన్ మార్చింది అమ్మాయికా, అబ్బాయికా? ఇంట్లో చెప్పేముందు అమ్మాయిని అడిగారా? ఎవరి ఫోన్ తీసేసుకున్నారు? చెప్పిన తర్వాత ఎవరికైనా పెళ్ళి సంబంధాలు చూశారా? వారం తిరక్కుండా ఫోన్ వచ్చింది. ఆ సమన్వయకర్త చాలా మర్యాదగా మాట్లాడింది. "ప్రశ్నలు బావున్నాయి మేడం, కానీ ఇవి పిల్లలు చెప్పాల్సినవి కావు కదా, బడి చెప్పాల్సినవి. మా బడ్జెట్ పిల్లల సర్వేకే" అంది.

ఆ కాగితం నా దగ్గరే ఉంది. మూడో బెంచీ అమ్మాయికి ఇప్పుడు పంతొమ్మిదేళ్ళుంటాయి.