ఛాందసుడెవరు, దేని విషయంలో?

ఐరోపాలో ఏదో ఒక దేశంలో వలసదారుల్ని వెళ్ళగొడతామన్న పార్టీ గెలిస్తే, మర్నాడు మన దినపత్రికల్లో 'అతి మితవాదుల విజయం' అన్న శీర్షిక కనిపిస్తుంది. మితమంటే హద్దులో ఉండడం, అతి అంటే హద్దు మీరడం. ఈ రెండూ ఒకే మాటలో ఎలా ఇమిడాయని ఎవరూ అడగరు. ఆ మాటను అర్థం కోసం చదవడం మానేసి చాలాకాలమైంది. అటువైపు వాళ్ళు అని చూపించే వేలుగానే అది మిగిలింది. దాని వెనక వందేళ్ళకు పైబడిన కథ మాత్రం ఉంది. 1907లో సూరత్ కాంగ్రెస్ చీలినప్పుడు గోఖలే పక్షం మితవాదులు, తిలక్ పక్షం అతివాదులు. ఆ మితవాదులే 1918లో కాంగ్రెస్ నుంచి విడివడి లిబరల్ పక్షంగా ఏర్పడ్డారు. అంటే మొదట్లో మితవాది అన్నా లిబరల్ అన్నా ఒకరే. తరవాత వామపక్షాల రాతలు బలపడ్డాక, విప్లవానికి అడ్డుపడే ప్రతివాడూ మితవాది అయ్యాడు. చివరికి లిబరళ్ళు ఎవరితో పోట్లాడతారో వాళ్ళకే ఆ పేరు స్థిరపడింది. పోనీ సూరత్ నాటి ముద్రలైనా నికరంగా ఉన్నాయా అంటే అదీ లేదు. బాలికలతో సంభోగానికి సమ్మతి వయసును పదేళ్ళ నుంచి పన్నెండుకు పెంచిన 1891 చట్టాన్ని ఎదిరించింది అతివాది తిలక్. 1881లో రాజమహేంద్రవరంలో వితంతు వివాహం జరిపించి ఊరి వెలిని తట్టుకున్న వీరేశలింగం, 1907 నాటి వందేమాతరం ఉద్యమ వేడికి దూరంగానే ఉండిపోయారు. ఇంగ్లీషువాడి విషయంలో ఎవరు ముందున్నారో చూసి, ఇంట్లో ఆడపిల్ల విషయంలోనూ వాళ్ళే ముందుంటారని ఊహించుకుంటే బోల్తాపడతాం.

ఛాందసుడు అన్న మాట సంగతి ఇంకా విచిత్రం. ఛందస్సంటే వేదం, ఛాందసుడంటే వేదం చదివినవాడు. ఘనాపాఠీలకు పేరుపడ్డ కోనసీమ అగ్రహారాల్లో అదొక అర్హత. అదే మాట ఇప్పుడు తిట్టు. అభ్యుదయమన్న మాటను 1943లో తెనాలిలో రచయితలు తమ సంఘానికి పెట్టుకున్నారు గానీ, పెళ్ళికి ముందు పురోహితుడు చేయించే నాందీశ్రాద్ధాన్ని ఆభ్యుదయికమనే అంటారు. ఒకే పదాన్ని పురోహితుడూ కామ్రేడూ పంచుకున్నారు, ఒకరికొకరు తెలియకుండా. మాటలు ఇలా చేతులు మారడం భాషకు సహజమే. మారిన మాటను మనిషి నుదుట అతికించి, అది అతని స్వభావమని నమ్మడంలోనే పొరపాటంతా ఉంది.

ఈ పొరపాటు ఎంత పెద్దదో చూడడానికి కోటిపల్లి రేవు దాటి ముక్తేశ్వరం వెళ్తే చాలు. తెలుగు సాహిత్య చరిత్రలో ఛాందసుడన్న ముద్ర అందరికంటే గట్టిగా పడ్డ జయంతి రామయ్య పంతులు ఆ ఊరివాడు. బి.ఎ. చదివి, డిప్యూటీ కలెక్టరుగా పనిచేసి, 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు పెట్టి, గ్రాంథిక భాషకు సేనాపతిగా నిలిచాడు. 1913లో ఇంగ్లీషులో గ్రాంథికాన్ని సమర్థిస్తూ ఆయన పుస్తకం వేస్తే, అదే ఏడు గిడుగు రామమూర్తి ఆధునిక తెలుగు మీద తన విజ్ఞాపన పత్రం వేశాడు. మరుసటేడు గురజాడ తన అసమ్మతి పత్రం రాశాడు. తొలి విడత గెలుపు గ్రాంథికానిది, అసలు గెలుపు వ్యావహారికానిది. ఈ సంపాదకీయం ఏ భాషలో ఉందో చూస్తే తీర్పు తెలుస్తూనే ఉంది. పాఠ్యపుస్తకాలు ఈ కథను సంస్కర్తలకూ ఛాందసులకూ జరిగిన యుద్ధంగా చెప్పి ముగిస్తాయి.

ఆ యుద్ధంలో ఎవరెక్కడ నిలబడ్డారో కాస్త దగ్గరగా చూస్తే గీతలన్నీ అలుక్కుపోతాయి. వాడుకభాష కావాలన్న కదలికకు తొలి ఊపునిచ్చిన వారిలో ఒకడు యేట్స్ అనే ఇంగ్లీషు దొర, పాఠశాలల ఇన్‌స్పెక్టరు. అంటే మనం ప్రగతి అని పిలుచుకునేది సర్కారు విద్యాశాఖ దారినే వచ్చింది. దానికి అడ్డుపడ్డ ఛాందసులు ఆ మేరకు సర్కారు ఆలోచనకు ఎదురు నిలిచినవాళ్ళు. సంఘ సంస్కర్తల్లో పెద్దవాడైన వీరేశలింగం మొదట గ్రాంథికం పక్షమే. 1919లో, చనిపోవడానికి కొద్ది నెలల ముందు, వ్యావహారిక భాషా ప్రవర్తక సమాజానికి అధ్యక్షుడయ్యాడు. వితంతువు విషయంలో నలభై ఏళ్ళ ముందే తెగించిన మనిషికి క్రియాపదం విషయంలో తెగించడానికి అంత కాలం పట్టింది. వేదం వేంకటరాయ శాస్త్రి గ్రాంథికవాది. కానీ 1897 నాటి ఆయన 'ప్రతాపరుద్రీయం'లో చాకలి చాకలిలాగే మాట్లాడతాడు. ఇక జయంతివారి వాదన చూద్దాం. మాట్లాడే భాష జిల్లా జిల్లాకూ మారుతుంది, కులం కులానికీ మారుతుంది. రాతకు అందరికీ ఉమ్మడిది ఒకటుండాలి, లేకపోతే ఏదో ఒక ప్రాంతం పలుకుబడి మిగతావారి నెత్తినెక్కుతుందన్నది అందులో సారం. కొన్ని దశాబ్దాల తరవాత తెలంగాణ రచయితలు అడిగిందేమిటి? పుస్తకాల్లో, పత్రికల్లో, సినిమాల్లో ప్రమాణమైపోయినది 'రెండున్నర జిల్లాల భాష' కాదా అని. ముక్తేశ్వరం పంతులు భయపడ్డ సంగతే, ఆయన పేరు వింటే నవ్వే తరం నోట, ధిక్కారంగా వినబడింది.

అయితే జయంతివారే నెగ్గారని చెప్పాలా? అక్కర్లేదు. గ్రాంథికం ఎవరి ఇంటి భాషా కాదు గనక అందరికీ సమానమన్నది కాగితం మీద బాగుంటుంది. పన్నెండేళ్ళు పంతులి ముందు కూర్చునే తీరిక ఉన్నవాడికి అది సమానం; పొద్దున్నే గేదెల్ని తోలుకెళ్ళాల్సిన పిల్లవాడికి, పుష్పవతి కాకముందే అత్తవారింటికి పేరు రాసిపెట్టేసిన పిల్లకు కాదు. గిడుగువారి బలం అక్కడుంది. ఉమ్మడి భాష కావాలన్న కోరిక తప్పు కాదు, దాని ఖర్చు ఎవరి మీద వేశారన్నదే లెక్క. జయంతి వాదాన్ని తిరస్కరించడానికి ఈ లెక్క చాలు, ఛాందసుడన్న మాటతో పని లేదు. ఆ మాట వాడినందువల్ల మనకు కలిగిన నష్టం మాత్రం ఉంది. ఆయన వేసిన నిజమైన ప్రశ్నను ఆయనతోపాటే పూడ్చేశాం. అది తెలంగాణ నుంచి తిరిగొచ్చినప్పుడు కొత్త ప్రశ్న అనుకుని ఉలిక్కిపడ్డాం.

ఇదంతా మన గందరగోళమే, పాశ్చాత్య దేశాల్లో ఈ ముద్రలు స్పష్టంగానే ఉంటాయి అనుకునేవారు చాలామంది. సంప్రదాయవాదానికి మూలపురుషుడిగా చెప్పే ఎడ్మండ్ బర్క్ ఫ్రెంచి విప్లవాన్ని తూర్పారబట్టినవాడే. ఈస్టిండియా కంపెనీ దోపిడీ మీద పార్లమెంటులో ఏళ్ళ తరబడి వారెన్ హేస్టింగ్స్‌ను బోనులో నిలబెట్టినవాడూ ఆయనే. ఉదారవాదానికి స్మృతికర్తలాంటి జాన్ స్టువర్ట్ మిల్ అదే కంపెనీ కచేరీలో 1823 నుంచి 1858 దాకా ఉద్యోగం చేశాడు. స్వేచ్ఛ మీద 1859లో వేసిన ప్రసిద్ధ గ్రంథంలోనే, వెనకబడ్డ జాతుల మీద నిరంకుశ పాలన సమంజసమని రాశాడు. కంపెనీ ఏలుబడిలో ఉన్న గోదావరి రైతుకు ఈ ఇద్దరిలో ఎవరు ఉదారుడు?

మళ్ళీ కోనసీమకే వస్తే, మామిడికుదురు నుంచి మరో సాక్ష్యం. 1911లో అక్కడ పుట్టిన బోయి భీమన్న దళిత కవి. ఆయన 'పాలేరు' నాటకంలో పాలేరు కుర్రవాడు చదువుకుని అధికారి అవుతాడు. ఎర్రజెండా కొలబద్దతో కొలిస్తే అది వట్టి సంస్కరణవాదం. అందులో భూమి కోసం పోరాటం లేదు, బడి ఉంది. మోతుబరి అరుగు మీద కూర్చుని చూస్తే మాత్రం అంతకు మించిన విప్లవం లేదు, ఎందుకంటే రేపు నాగలి పట్టేవాడు ఉండడు. 'గుడిసెలు కాలిపోతున్నాయ్' రాసి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందిన ఈ కవి, పురాణ కావ్య వారసత్వాన్ని పరాయిదని వదిలెయ్యలేదు, తనదిగా అడిగి తీసుకున్నాడు. అందుకు తరవాతి తరం దళిత విమర్శకులు కొందరికి ఆయనతో పేచీ. ఆ పేచీ న్యాయమైనదే కావచ్చు. కానీ భీమన్న సంప్రదాయవాదా, ప్రగతిశీలా అని అడిగితే వచ్చే ఏ జవాబూ ఆయన కవిత్వంలో ఒక్క పేజీని కూడా అర్థం చేయించదు.

ఇక దాటెయ్యడానికి వీల్లేని సంగతి. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. మే 18న దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు చేరుస్తూ ప్రాథమిక ప్రకటన వచ్చింది. మే 24న అమలాపురంలో ఒక మంత్రి ఇల్లూ ఒక ఎమ్మెల్యే ఇల్లూ కాలిపోయాయి. పార్టీ ముద్రలు ఆ రోజును వివరించలేవు, ఎందుకంటే ప్రధాన పార్టీలేవీ ఆ పేరును బహిరంగంగా కాదనలేదు. పాత పేరు మీద మమకారం సంప్రదాయవాదమే అనుకుందాం. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, నేల పేరు నేల జ్ఞాపకం. కానీ కొత్త పేరులో కోనసీమ ఎక్కడికీ పోలేదు, ముందు ఒక మనిషి పేరు చేరిందంతే. అదే ఏడు ఎన్టీఆర్, అల్లూరి సీతారామరాజు, అన్నమయ్య పేర్లతో జిల్లాలు వచ్చాయి, పేరు కోసం ఎక్కడా ఇళ్ళు కాలలేదు. కాపాడుకోవాలనుకున్నది ఊరి పేరేనా, లేక ఊళ్ళో ఎవరెక్కడ కూర్చోవాలన్న పాత వరసా అని అడగక తప్పదు. సంప్రదాయవాదం అన్న మర్యాదైన మాట వాడితే ఈ ప్రశ్న తప్పించుకుపోతుంది. జిల్లా పేరులో చేరిన ఆ మనిషిని మాత్రం ముద్రల్లో ఇమిడ్చగలమా? 1953 సెప్టెంబరు 2న రాజ్యసభలో, మన ఆంధ్ర రాష్ట్ర బిల్లు మీదే మాట్లాడుతూ, అల్పసంఖ్యాకుల్ని కాపాడడానికి గవర్నరుకు అధికారాలుండాలని అంబేద్కర్ పట్టుబట్టాడు. రాజ్యాంగాన్ని తగలబెట్టడానికి తానే ముందుంటానన్నదీ ఆ చర్చలోనే. ఎన్నికైన మంత్రివర్గం మీద గవర్నరు పెత్తనమంటే నేటి లిబరళ్ళు ఉలిక్కిపడతారు. ఊళ్ళో సంఖ్యాబలం దేనికి దారితీస్తుందో అనుభవించినవాడి లెక్క వేరు.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ వస్తుంది. వామమూ లేదు, దక్షిణమూ లేదు, ముద్రలన్నీ వృథా అనేవాడు సాధారణంగా దక్షిణం వైపువాడే అయి ఉంటాడని ఫ్రెంచి తత్వవేత్త అలాఁ ఏనాడో ఎత్తిపొడిచాడు. ఆ అనుమానం సబబే. ఉన్నది ఉన్నట్టు ఉండాలని కోరేవాడికి తన పక్షాన్ని పక్షమని ఒప్పుకోవలసిన అవసరం పడదు, అతనికది లోకరీతి. ముద్రలు చెరిపేస్తే ముందు బాగుపడేది అతడే. అందుకని ముద్రలు మానెయ్యమని మేము అనడం లేదు. ఓటరుకు తీరిక తక్కువ, పార్టీకి ఒక పేరు కావాలి, చరిత్రకారుడికీ కావాలి. మేము అడిగేది చిన్నది: ఛాందసుడు, ఉదారుడు అన్న మాట వాడినప్పుడల్లా దాని పక్కన దేని విషయంలోనో, ఆ ఖర్చు ఎవరి మీద పడుతుందో కూడా రాయాలి. రెండో ఆక్షేపణ కాస్త తేలిక. అభిప్రాయాలు గుత్తులుగా పెరుగుతాయి, ఒకటి తెలిస్తే మిగతావి ఊహించవచ్చు అంటారు. ఇవాళ్టికి కొంత నిజం. ఆ గుత్తిని ఎవరో ఎప్పుడో కట్టారు, విప్పి వేరేగా కట్టడమూ జరిగింది. రైతుల్ని జమీందార్ల మీదికి కదిలించిన ఎన్.జి. రంగా, 1959లో జమీందార్లు కూడా చేరిన స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షుడయ్యాడు. ఆయన దృష్టిలో ఆయన మారలేదు. చిన్న రైతు చేతి భూమిని ముందు జమీందారు నుంచి, తరవాత సహకార వ్యవసాయం పేరుతో వచ్చిన సర్కారు నుంచి కాపాడుతున్నానన్నాడు. కౌలుదారు, కూలి ఆ లెక్కలో ఎక్కడున్నారని అడగవచ్చు, అడగాలి కూడా. ప్రతిగామి అన్న ఒక్క మాటతో సరిపెట్టుకున్నవాళ్ళు ఆ సంగతే అడగలేకపోయారు.

మళ్ళీ భాషా యుద్ధం దగ్గరికే వస్తే, బెజవాడ మల్లేశ్వరాలయంలో దొరికిన యుద్ధమల్లుడి శాసనం నన్నయకు ముందు తెలుగు పద్యానికి అరుదైన సాక్ష్యం. చిన్నయసూరి బాలవ్యాకరణం ఒప్పుకోని రూపాలు అందులో ఉన్నాయి. భాష మారుతూ వచ్చిందని వాదించేవాళ్ళకు అలాంటి రాయి కన్నా గట్టి ఆయుధం ఉండదు. దాన్ని చదివి, వివరించి, ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించింది జయంతి రామయ్య పంతులు.