నీటికి దారి విడువుడు

కాలువలకు నీరు వచ్చినదనగానే మన నంద్యాల, ఆళ్లగడ్డ సీమల తల్లుల గుండెలలో భయము ప్రవేశించును. ఈతకు దిగి బాలుడెవడేని మునిగిపోయిన మరునాడు పెద్దలు చేయు హితబోధ యొక్కటే: "పిల్లలను నీటి దరికి పోనీయకుడు." ఇది వివేకమువలె కాన్పించును గాని, నిజమునకు కర్తవ్యమును తప్పించుకొను ఉపాయము.

మనకు నీరు లేకపోలేదు. కుందు నంద్యాల పక్కనే పారి, కమలాపురము చెంత పెన్నలో కలియుచున్నది. దానిలోనికి మన పట్టణపు మురుగును వదలి, పిమ్మట అది స్నానయోగ్యము కాదని మనమే ముక్కు మూసికొనుచున్నాము! కర్నూలు కడప కాలువ తొలుత సేద్యమునకే గాక పడవల రాకపోకలకు సైతము ఉద్దేశింపబడినది; 1882లో ప్రభుత్వము దానిని కంపెనీనుండి కొనెను. పడవ నడుపదగునని తలచిన కాలువలో నేడు మనుష్యుడు భద్రముగా దిగుటకు నాలుగు మెట్లు సైతము పెక్కుచోట్ల కానరావు. పుష్కరము గల నదికి పండ్రెండేండ్ల కొకసారి యైనను ఘట్టములు బాగుపడును. కుందువంటి నదికి ఆ పాటి యాదరమును లేదు.

ఇక మహానందికి పోయి చూడుడు. ఊటనీరు అడుగు కనబడునంత నిర్మలము, దిగుటకు మెట్లున్నవి, లోతు మితము. ముసలివారు, స్త్రీలు, పసివారు నిర్భయముగా మునిగి తేలుచున్నారు. భక్తి కాపాడగలిగిన నీటిని పౌరధర్మ మేల కాపాడలేదు?

"నదీస్నానము పుణ్యమునకు గాని వినోదమునకా?" యని కొందరు పండితు లాక్షేపింతురు. వాపీకూపతటాకములను కట్టించుట పూర్తధర్మమని మన స్మృతులు చెప్పినవి. అట్టి ధర్మఫలమున పిల్లవాని కేరింతకు చోటులేదా? అయినను ఆ ధర్మము నందరకు సమముగా పంచియిచ్చితిమని గర్వింపరాదు. సాటి మనుష్యులు చెరువునీరు ముట్టుటకై 1927 మార్చిలో అంబేడ్కరుగారు మహద్ పట్టణమున సత్యాగ్రహము సలుపవలసివచ్చెను. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము 15వ అధికరణమున బావులు, చెరువులతోపాటు స్నానఘట్టములనుగూడ పేర్కొని, ప్రజోపయోగమునకు విడిచినవానిలో జాతి, మత, కుల, లింగ, జన్మస్థలముల కారణమున ఎవ్వరిని అడ్డగింపరాదని శాసించినది. నదులవంటి ప్రకృతిసంపదకు ప్రభుత్వము ధర్మకర్త మాత్రమేయని 1996లో సుప్రీము కోర్టు తీర్పు చెప్పెను. ఘట్టమే లేనిచోట ఘట్టముపై హక్కుండి ప్రయోజనమేమి?

"ప్రమాదము గదా!" యందురు. ఔను, ప్రమాదమే. పారిసు నగరమువారును సేన్ నదిలో ఈతను 1923లో నిషేధించిరి. కాని దానితో తృప్తిపడి కూర్చుండలేదు. నదిని శుభ్రపరచి, కాపలాదారులను నియమించి, 2025 జూలైలో ప్రజలకు మరల తెరచిరి. నిషేధపు పలక నాటుటకు ఒక దినము చాలును. నదిని బాగుచేయుటకు ఒక తరము పట్టును. మనము మొదటిదానితోనే నిలిచిపోయితిమి.

నేనొకనాడు తరగతిలో ఈత వచ్చినవారెవరని యడిగితిని. కొందరు బాలురు చేతులెత్తిరి. బాలికలలో ఒక్కతెయు ఎత్తలేదు. గంగావతరణమును తడబడక చదువగల ఆ పిల్ల నడుములోతు నీటిలో కాలుజారిన నేమగును? సిగ్గుపడవలసినవారము ఆ బాలికలు కారు, మేము, మీరు. బడియీడు పిల్లలకు ఈత నేర్పుట ప్రాణరక్షణోపాయమని ప్రపంచారోగ్యసంస్థ బోధించుచున్నది. నీటిని దూరము చేసినంతమాత్రమున పిల్లవాడు నీటిని మానడు. పెద్దల కన్నుగప్పి, మెట్లులేని చోటనే దిగును.

కావున పురపాలకులను మనమడుగవలసినవి మూడు: మురుగును శుద్ధిచేయక కుందులోనికి విడువకుడు, కుందుగట్టునను, కాలువ నెమ్మదిగా పారుచోటను మెట్లు, లోతుగుర్తులు, స్త్రీలకు బట్టలు మార్చుకొను మరుగు, నీరున్న దినములలో ఈత తెలిసిన కాపరి నేర్పరుపుడు, ప్రతి బడిలో బాలబాలికలకు ఈత నేర్పించుడు. గృహస్థులారా! మీ కుమారునితోపాటు కుమార్తెనుగూడ ఆ మెట్లు దింపుడు. ఆ నీటిలో ఏ కులమువారి బిడ్డ మునిగినను మీ బిడ్డను వెనుకకు లాగకుడు. అంతవరకు నది మన యూరిదని చెప్పుకొనుటకు మనకు ముఖము చెల్లదు.