పరీక్షా బ్రౌజరు – ఇంటివారి అమానత్

ఇంటర్నెట్ పుటలను తెరచి చూపే బ్రౌజరు నేడు మన గృహాలలో నిత్యావసర వస్తువైపోయింది. పిల్లల హాల్‌టికెట్టు, కరెంటు బిల్లు, గల్ఫు దేశంలో ఉన్న కుమారుని వీసా కాగితం, నమాజు వేళల పట్టిక – వీటన్నిటికీ అదే ద్వారం. ఆ ద్వారాన్ని ఎవరు తయారు చేస్తున్నారో, విడుదలకు ముందు దానిని ఎవరు పరీక్షిస్తున్నారో మనం సాధారణంగా ఆలోచించము. ఇటీవల మేము అటువంటి ఒక బ్రౌజరు యొక్క తొలి పరీక్షా ప్రతిని మా ఇంటి కంప్యూటరులో పెట్టి చూశాము. ఆ అనుభవంలో ఒక పొరపాటు మాది, ఒక తొందరపాటు మాది, నేర్చుకున్న పాఠాలు రెండు. వాటిని పాఠకులతో పంచుకోవటమే ఈ మాసపు ఉద్దేశ్యం.

ముందుగా పరీక్షా ప్రతి అంటే ఏమిటో తెలుసుకుందాం. ఏ బ్రౌజరూ ఒక్కసారిగా పరిపూర్ణంగా ప్రజల చేతికి రాదు. నేడు ఫైర్‌ఫాక్స్‌గా ప్రసిద్ధమైన బ్రౌజరు 2002 సెప్టెంబరులో ‘ఫీనిక్స్’ అనే పేరుతో 0.1 సంఖ్య గల ప్రతిగా వెలువడింది. అది 1.0 అనిపించుకునేసరికి 2004 నవంబరు 9 వచ్చింది. రెండేళ్ళకు పైగా సాగిన ఆ ప్రయాణంలో ఎందరో సామాన్యులు దానిని వాడి, లోపాలు తెలియజేశారు. గూగుల్ సంస్థ క్రోమ్‌ను 2008 సెప్టెంబరు 2న కేవలం విండోస్ కంప్యూటర్ల కోసం పరీక్షా ప్రతిగానే విడుదల చేసింది. ఆ సంవత్సరం డిసెంబరు 11న గాని దానికి పరీక్షా దశ తీరలేదు.

నేడు ఈ పని మరింత క్రమబద్ధమయింది. ఫైర్‌ఫాక్స్‌కు ‘నైట్లీ’ అనే ప్రతి ఉన్నది. నిర్మాతలు ఆ పూట చేసిన మార్పులు ఆ పూటే అందులో చేరుతాయి. క్రోమ్‌కు ‘కేనరీ’ అనే ప్రతి ఉన్నది. పూర్వం బొగ్గు గనులలోకి దిగే కార్మికులు కేనరీ పక్షిని పంజరంలో వెంట తీసుకుపోయేవారు. విషవాయువు వ్యాపిస్తే మనిషికన్నా ముందు ఆ పక్షి సొమ్మసిల్లేది, కార్మికులు హెచ్చరికను గ్రహించి పైకి వచ్చేవారు. ఆ పేరులోనే పరీక్షించేవాని స్థానం ఏమిటో స్పష్టంగా ఉన్నది. పరీక్షా ప్రతిని పెట్టుకున్నవాడు కొత్త వస్తువును అందరికన్నా ముందు అనుభవించే అదృష్టవంతుడు మాత్రమే కాడు, అందరికన్నా ముందు దెబ్బ తినేవాడు కూడా అతడే.

మాకు ఈ పరీక్షపై ఆసక్తి కలగటానికి కారణం ఉన్నది. మన వంటి కుటుంబాలు చదివే పుటలలో తెలుగు, అరబీ లిపులు పక్కపక్కనే ఉంటాయి. తెలుగు ఎడమ నుండి కుడికి నడుస్తుంది, అరబీ, ఉర్దూ కుడి నుండి ఎడమకు నడుస్తాయి. ఒకే పంక్తిలో రెండు దిశలనూ సరిగా నడిపించటం బ్రౌజరుకు చిన్న పని కాదు. తెలుగు లిపిని చూపటం కూడా తేలిక కాదు. ‘రాష్ట్రం’ అనే మాట మన కంటికి రెండక్షరాలే. కంప్యూటరులో అది ఎనిమిది సంకేతాల వరుస. ష, ట, ర అనే మూడు హల్లులను రెండు పొల్లులతో కలిపి, ఒకదాని కింద ఒకటిగా వత్తులు పేర్చి చూపే బాధ్యత బ్రౌజరుది, ఫాంటుది. ‘అల్‌హందులిల్లాహ్’ అని రాసేటప్పుడు ‘ల్’ తరువాత కంటికి కనిపించని ఒక విభజక చిహ్నం ఉంచుతాము. అది లేకుంటే లకారం కింద హకారపు వత్తు చేరి పదం రూపమే మారిపోతుంది.

ఇది అల్పవిషయమని ఎవరైనా అనుకుంటే 2018 ఫిబ్రవరి నాటి సంఘటనను గుర్తు చేయవలసి ఉంటుంది. ఒక తెలుగు అక్షర సమూహం సందేశంగా వస్తే చాలు, దానిని చూపలేక ఐఫోన్లలోని అప్లికేషన్లు మూతపడిపోయాయి. జకారం కింద ఞకారపు వత్తు, ఆ వెనుక మనం పైన చెప్పుకున్న కనిపించని చిహ్నం, దాని తరువాత దీర్ఘం – ఆ కూర్పులో ఉన్నది ఇంతే. యాపిల్ సంస్థ ఫిబ్రవరి 19న 11.2.6 సంఖ్య గల సవరణను విడుదల చేసి ఆ దోషాన్ని తొలగించింది. అప్పటికి పరీక్షలో ఉన్న 11.3 ప్రతిలో ఆ దోషం లేదు. కోట్లమంది మాట్లాడే భాషలోని ఒక అక్షరం ప్రపంచ ప్రసిద్ధ పరికరాన్ని తడబడేటట్లు చేసిందంటే, ఆ భాషలో చదివి చూసి చెప్పేవారి అవసరం ఎంతటిదో గ్రహించవచ్చు.

ఈ ఆలోచనతోనే మేము ఉత్సాహపడ్డాము. ఇంజనీరింగు చదువుతున్న మా కుమారుడు సెలవులకు వచ్చినప్పుడు ఒక బ్రౌజరు పరీక్షా ప్రతిని దించి పెట్టాడు. ఆ బ్రౌజరు పేరు ఇక్కడ అనవసరం. ఇంట్లో ఉన్నది ఒకే ల్యాప్‌టాప్. పాత బ్రౌజరులో దాచుకున్న చిరునామాలు, పాస్‌వర్డులు కొత్తదానిలోనూ కనబడాలని, రెండింటికీ ఒకే ప్రొఫైలు ఉండేటట్లు అమర్చమని అతనికి చెప్పినది మేమే. అతడు సందేహించాడు. “వేరేగా పెట్టుకుందాం అబ్బా” అన్నాడు. “రెండు రోజుల పనికి అంత హంగామా ఎందుకు?” అని మేము కొట్టివేశాము.

మూడవ రోజు రాత్రి మా కుమార్తె స్కాలర్‌షిప్పు దరఖాస్తు నింపటానికి కూర్చున్నది. గడువు ఆ రాత్రి పన్నెండు గంటలతో ముగుస్తుంది. ఆదాయ ధ్రువీకరణ పత్రం, మార్కుల జాబితా ఎక్కించి చివరి పుటకు చేరేసరికి బ్రౌజరు దానంతటదే మూతపడింది. తిరిగి తెరిస్తే మళ్ళీ అదే చోట మూతపడింది. పాత బ్రౌజరును తెరిచాము. కొత్త ప్రతి ఆ ప్రొఫైలును తనకు అనువుగా మార్చివేసినందున, పాతది దానిని తెరవటానికి నిరాకరించింది. అమ్మాయి పాస్‌వర్డు అందులోనే ఉండిపోయింది, మరెక్కడా రాసుకోలేదు. చివరకు వాళ్ళ అమ్మీ ఫోనుకు ఓటీపీ తెప్పించి, పాస్‌వర్డు మార్చి, ఆ చిన్న తెర మీదనే దరఖాస్తు మొత్తం మొదటి నుండి నింపవలసి వచ్చింది. అది చేరినట్లు సందేశం వచ్చేసరికి పదకొండుంబావు దాటింది.

అంతా ముగిసిన తరువాత అమ్మాయి కోపంగా కాక, అలసటతో ఒక మాట అన్నది. “మీకది పరీక్ష అబ్బా. నాకు ఈ ఏడాది ఫీజు. పెట్టేముందు నన్నొక్క మాట అడిగి ఉంటే నా వివరాలు వేరే రాసిపెట్టుకునేదాన్ని.”

ఆ మాటకు మా వద్ద సమాధానం లేకపోయింది. ల్యాప్‌టాప్ మా డబ్బుతో కొన్నదే కావచ్చు. కాని అందులోని ఆమె పత్రాలు, ఆమె పాస్‌వర్డు, ఆమె గడువు మా సొత్తు కాదు. అవి మా వద్ద ఉన్న అమానత్. ఒకరి అమానత్‌ను మన కుతూహలానికి పణంగా పెట్టే హక్కు ఇంటి పెద్దకు కూడా లేదు. ఇంట్లో గోడ పగులగొట్టి కిటికీ పెట్టాలన్నా అందరితో ఒక మాట చెబుతాము. అందరూ వాడే యంత్రం విషయంలో మాత్రం “వాళ్ళకేం తెలుస్తుందిలే” అనుకుంటాము. ఈ అలవాటు మంచిది కాదని ఆ రాత్రి మాకు అర్థమయింది. మరునాడు ఉదయం అమ్మాయికి మా తప్పు ఒప్పుకున్నాము. పిల్లల ముందు తప్పు ఒప్పుకోవటం వలన పెద్దరికం తగ్గుతుందని కొందరు భావిస్తారు. మాకు అటువంటి నష్టమేమీ కనబడలేదు.

తరువాత పరీక్షా ప్రతిని తీసివేయలేదు, దానికి తగిన చోటు మాత్రం చూపాము. వేరే ప్రొఫైలు పెట్టాము. ఇంటి పనులు పాత బ్రౌజరులోనే అని నిర్ణయించాము. ఇది నిర్మాతలు కూడా గుర్తించిన విషయమే. ఫైర్‌ఫాక్స్ 2019లో వచ్చిన 67వ ప్రతి నుండి ఒక్కొక్క స్థాపనకు వేరువేరు ప్రొఫైలును తానే ఏర్పరుస్తున్నది.

ఇక రెండవ పాఠం. మేము స్వయంగా తయారు చేసిన ఒక పుటను కొత్త బ్రౌజరులో తెరిచాము. తెలుగు పంక్తి చివర అరబీ వాక్యం ఉన్నది. ఆ వాక్యం చివర ఉండవలసిన బిందువు దాని మొదటి పదం పక్కకు వచ్చి కూర్చున్నది. “దొరికింది లోపం!” అని సంబరపడి, వెంటనే నిర్మాతలకు కొంత ఘాటుగానే నివేదిక పంపాము. కొన్ని రోజులకు మర్యాదతో కూడిన సమాధానం వచ్చింది. “మీ పాత బ్రౌజరులో ఇదే పుటను తెరచి చూశారా?” అని అడిగారు. చూశాము. అందులోనూ బిందువు అక్కడే ఉన్నది! తప్పు బ్రౌజరుది కాదు, మా పుటది.

కారణం ఇది. తెలుగు అక్షరాలకు, అరబీ అక్షరాలకు తమవైన దిశలు ఉన్నాయి. బిందువుకు సొంత దిశ లేదు. పంక్తి చివర ఉన్నప్పుడు అది మొత్తం పేరా దిశను, అంటే ఇక్కడ తెలుగు దిశను అనుసరించి కుడివైపుకు పోతుంది. అరబీ వాక్యానికి కుడివైపు అంటే దాని మొదలు కదా! ‘ఈ భాగం కుడి నుండి ఎడమకు’ అని పుటలో ఒక గుర్తు ఉంచితే బిందువు తన చోటికి చేరుతుంది. ఆ గుర్తు పెట్టకపోవటం మా అజ్ఞానం. ఆ నిందను ఎక్కడో కూర్చుని శ్రమిస్తున్నవారిపై వేశాము. లోప నివేదిక అంటే ఫిర్యాదు కాదు, సాక్ష్యం. సాక్షి తాను చూసినదే చెప్పాలి, చూసినంతే చెప్పాలి, చెప్పే ముందు విచారించాలి. బజారులో సాక్ష్యం చెప్పేటప్పుడు పాటించే నియమం కంప్యూటరు ముందు మారిపోదు.

ఈసారి జాగ్రత్తగా చూశాము. నిజమైన లోపం ఒకటి కనిపించింది. ట్యాబు మీది శీర్షికలో ‘రాష్ట్రం’ వంటి మాటలలో అడుగున ఉండే వత్తు సగానికి తెగిపోతున్నది. పాత బ్రౌజరులో అది నిండుగా ఉన్నది. ఏ ప్రతి, ఏ కంప్యూటరు, ఏ పుట, ఏమి చేస్తే అలా అవుతున్నది, ఎలా ఉండాలి, ఎలా ఉన్నది – ఇంతవరకే రాసి తెర చిత్రాన్ని జతచేశాము. ఆ చిత్రంలో ఇంటివారి పేర్లు గాని, ఈమెయిలు గాని కనబడకుండా అమ్మాయే సరిచూసింది. మరెవరో ఇదే లోపాన్ని అప్పటికే తెలిపారని, మా చిత్రాన్ని దానికి చేర్చామని జవాబు వచ్చింది. కొన్ని వారాల తరువాతి ప్రతిలో ఆ వత్తు తెగలేదు. అందులో మా పాలు ఎంతో చెప్పలేము గాని, మన లిపి కోసం ఇద్దరు నోరు విప్పారన్నది మాత్రం నిజం.

పరీక్షా ప్రతులను పెట్టుకోదలచిన కుటుంబాలకు మా మనవి ఇది. బ్యాంకు పనులు, ప్రభుత్వ దరఖాస్తులు, పరీక్ష ఫీజులు వాటిలో చేయవద్దు. వేరే ప్రొఫైలు తప్పనిసరి. ముఖ్యమైన పాస్‌వర్డులను బ్రౌజరు జ్ఞాపకానికే వదిలివేయవద్దు. మన వాడకం గురించిన ఏ వివరాలను అది నిర్మాతలకు పంపుతుందో సెట్టింగులలో చూసుకోండి. ఒప్పందాన్ని చదవండి. 2008లో క్రోమ్ తొలి ప్రతితో వచ్చిన ఒప్పందంలో, వినియోగదారులు దాని ద్వారా పంపే విషయాలపై సంస్థకు విస్తృతమైన హక్కులు కల్పించే నిబంధన ఉన్నది. చదివినవారు అభ్యంతరం చెప్పగా సంస్థ దానిని కొద్ది రోజులలోనే సవరించింది. ఎవరూ చదవకపోయి ఉంటే ఎవరూ అడిగేవారు కారు.

అన్నిటికన్నా ముఖ్యం – ఆ యంత్రాన్ని వాడే ప్రతి ఒక్కరినీ ముందుగా అడగండి. మా ఇంట్లో ఇప్పుడు అదే నియమం. మొన్న మరొక కొత్త ప్రతి వచ్చినప్పుడు అమ్మాయిని అడిగాము. “ఈ వారం వద్దు అబ్బా, ఫీజు రసీదులు తీసుకోవాలి” అన్నది. వచ్చే వారం దాకా ఆగాము.