పచ్చరంగు మీద నమ్మకం

మా సంఘం నెలవారీ సమావేశం అయ్యాక బయట టీ తాగుతుంటే మాస్టారు నన్ను పట్టుకున్నారు. ఆయన రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్. "ఏమయ్యా, పైసా రాని పని రాత్రి ఒంటిగంట దాకా చేస్తావట, ఏమిటది?" అన్నారు. "టెస్టులు చూసుకుంటుంటాను మాస్టారూ" అన్నాను. "ఎవరికి టెస్టులు?" "ఒక ప్రోగ్రాముకి." ఆయనకు అర్థం కాలేదు. ఆ రోజు నేను సరిగా చెప్పలేకపోయాను కూడా. ఇప్పుడు చెబుతాను. ఆ పనిలో నేను చేసిన ఒక తప్పు హేతువాదులమని చెప్పుకునే మనందరికీ సంబంధించినది.

పెద్ద ప్రోగ్రాము వందల ఫైళ్లలో ఉంటుంది. ఒక్కో ఫైలునీ కంపైల్ చేసి, అన్నీ కలిపితే నడిచే ప్రోగ్రాము వస్తుంది. ఒక ఫైలులో ఒక అక్షరం మార్చినందుకు అన్నీ మళ్లీ కంపైల్ చేయక్కర్లేదు. చారులో ఉప్పు తగ్గిందని కందిపప్పు మళ్లీ ఉడకేయం కదా! ఏది మారింది, దాని మీద ఏవి ఆధారపడ్డాయి అని చూసి, వాటిని మాత్రమే మళ్లీ చేయించేదాన్ని బిల్డ్ టూల్ అంటారు. వీటిలో ప్రసిద్ధమైనది మేక్. బెల్ ల్యాబ్స్‌లో 1976లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాశాడు. దాని పుట్టుకే ఒక పాఠం. ఆయన సహోద్యోగి ఒకరు తన ప్రోగ్రాములో తప్పు దిద్దుకున్నాడు. దిద్దిన ఫైలుని మళ్లీ కంపైల్ చేయడం మరిచిపోయాడు. పాత ముక్కే నడుస్తుంటే, సరిగ్గా ఉన్న ప్రోగ్రాములో లేని తప్పు కోసం ఒక పూటంతా వెతికాడు. ఆ విసుగులోంచి వచ్చింది మేక్.

నేను చూసుకునేది అంత పేరున్నది కాదు. అలాంటిదే ఒక చిన్న ఓపెన్ సోర్స్ టూల్. దాని టెస్ట్ సూట్ నా బాధ్యత. కొన్ని వందల టెస్టులు. ఒక్కొక్కటీ ఒక బొమ్మ ప్రాజెక్టు తయారు చేసి, ఒక ఫైలు మార్చి, కంపైల్ కావలసినవి అయ్యాయా, అక్కర్లేనివి ఊరుకున్నాయా అని చూస్తుంది. పాసైతే పచ్చ, ఫెయిలైతే ఎరుపు. రాసినవాళ్లు చాలామంది ఎప్పుడో వెళ్లిపోయారు. కొత్త సౌకర్యం రాయడానికి పదిమంది వస్తారు గానీ టెస్టులు బాగుచేయడానికి ఎవరూ రారు. (మన సంఘంలో ఉపన్యాసకులకూ లెక్కలు రాసేవాళ్లకూ ఉన్న నిష్పత్తే ఇక్కడా!)

అందులో ఒక టెస్టు ఇరవైసార్లకు ఒకసారి ఫెయిలయ్యేది. మళ్లీ నడిపితే పచ్చ. అందరం మళ్లీ నడిపేవాళ్లం. విసుగొచ్చి నేనే ఒక ఏర్పాటు చేశాను: ఆ టెస్టుని మూడుసార్లు నడుపు, ఏ ఒక్కసారి పాసైనా పాసైనట్టే. నాలుగు లైన్ల కోడ్. అందరూ మెచ్చుకున్నారు.

లెక్క చూడండి. ఒక ప్రోగ్రాము సగం సార్లు తప్పు చేస్తుందనుకుందాం. మూడుసార్లూ తప్పే వచ్చే అవకాశం ఎనిమిదిలో ఒకటి. అంటే సగం చెడిపోయిన ప్రోగ్రాముకి కూడా నా పరీక్షలో ఎనిమిదికి ఏడుసార్లు పచ్చ సర్టిఫికెట్ వస్తుంది. మూడు జోస్యాలు చెప్పి, ఒకటి నిజమైతే శాస్త్రం గెలిచిందనే జ్యోతిష్కుణ్ణి మనం వేదికలెక్కి ఏమంటాం? నేను ఇంట్లో కూర్చుని చేసింది అచ్చంగా అదే.

ఏడాది గడిచాక ఒకాయన ఉత్తరం రాశాడు. తన బిల్లింగ్ ప్రోగ్రాములో తప్పు దిద్దాడు, మా టూల్‌తో బిల్డ్ చేశాడు, అంతా సవ్యమని చెప్పింది. కానీ పాత కోడే సర్వర్ మీదకి వెళ్లింది. రెండు రోజులు తప్పుడు బిల్లులు పోయాయి. ఆయన తనను తాను అనుమానించుకుని, దిద్దిన కోడ్‌నే మళ్లీ మళ్లీ చదువుకున్నాడట. 1976 నాటి కథే మళ్లీ జరిగింది. ఏ కష్టం రాకూడదని ఇలాంటి టూల్స్ పుట్టాయో ఆ కష్టాన్నే మేం తెచ్చిపెట్టాం.

కారణం ఆ టెస్టులోనే ఉంది. మా టూల్ రెండు ఫైళ్ల సమయాలు పోల్చేది. మూలం ఫైలు కొత్తదైతే కంపైల్ చేసేది, సమానమైతే ఊరుకునేది. ఫైలు మారిన సమయాన్ని ఎంత సన్నగా రాసుకోవాలన్నది ఫైల్ సిస్టం ఇష్టం. ఫ్యాట్‌లో రెండు సెకన్లకో అంకె, ఈఎక్స్‌టీ3లో సెకనుకో అంకె. ఈఎక్స్‌టీ4లో నానోసెకన్లకు చోటుంది గానీ, లినక్స్ కెర్నల్ చాలాకాలం ఆ విలువను గడియారం టిక్కుకి ఒకసారే మార్చేది, అంటే కొన్ని మిల్లీసెకన్లకు ఒకసారి. ఆ సందులో కంపైల్ అవడమూ, ఫైలు మళ్లీ మారడమూ రెండూ జరిగితే సమయాలు సమానం. టూల్ దృష్టిలో ఏమీ మారలేదు. ఇరవైలో ఒకసారి ఆ టెస్టు చెబుతున్నది ఇదే. నేను దాని నోరు నొక్కాను.

ఇలాంటి చోట టెస్టు మధ్యలో ఒక సెకను నిద్రపెట్టడం మామూలు వైద్యం. పచ్చ వస్తుంది నిజమే. కానీ ఏ పరిస్థితిలో తప్పు జరుగుతుందో దాన్నే పరీక్షలోంచి తీసేసినట్టు. చివరికి సమయాలు సమానంగా ఉన్నప్పుడు ఫైలు లోపలి విషయాన్నే పోల్చి చూసేలా టూల్‌ని మార్చాం. ఎస్‌కాన్స్ వంటివి మామూలుగానే విషయాన్ని బట్టి నిర్ణయిస్తాయి. మాకు బుద్ధి ఆలస్యంగా వచ్చింది.

ఫెయిలైన టెస్టుల కన్నా స్కిప్ చేసినవే ఇప్పుడు నన్ను ఎక్కువ కలవరపెడతాయి. 2025లో కన్నుమూసిన జయంత్ నార్లికర్ గారు 2008లో మహారాష్ట్రలో దభోల్కర్ గారి సంస్థతో కలిసి జ్యోతిష్యాన్ని పరీక్షించారు. తెలివైన పిల్లలవీ, మానసిక వైకల్యం ఉన్న పిల్లలవీ జాతకాలు కలిపి, తలా నలభై పంపి వేరుచేయమన్నారు. 51 మంది జ్యోతిష్కులు ముందుకొస్తే 27 మంది జవాబులు పంపారు. ఫలితం నాణెం ఎగరేసినదానికన్నా మెరుగ్గా లేదు. మనం సభల్లో ఆ ఫలితాన్నే చెబుతాం. నాకు ఆ తిరిగిరాని 24 జవాబులు కూడా అంతే ముఖ్యం. నార్లికర్ బృందం ఆ అంకె దాచలేదు. టెస్టు సూట్లలో స్కిప్ అయినవాటిని ఎవరు లెక్కపెడుతున్నారు?

ఈ విషయంలో ఆటోమేక్ వాళ్ల పద్ధతికి దండం పెట్టాలి (భక్తితో కాదు లెండి!). టెస్టు 77 అని తిరిగిస్తే స్కిప్, 99 అయితే పరీక్షే చెడిందని అర్థం. ఫెయిలవుతుందని ముందే ప్రకటించినది హఠాత్తుగా పాసైతే దాన్ని కూడా వైఫల్యం కిందే లెక్కేస్తారు. మన అంచనా తప్పింది, అనుకూలంగా తప్పినా కారణం కనుక్కోవాలి. బాబాగారి విభూతితో జ్వరం తగ్గిందనేవాళ్లను మనం అడిగేది ఇదే గదా.

టెస్టుల మూలలు ఎవరూ చూడరని దొంగలకీ తెలుసు. 2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ ఉదంతంలో దొంగ కోడ్‌ని టెస్టు కోసం పెట్టిన ఫైళ్లలోనే దాచి, బిల్డ్ స్క్రిప్టుతో బయటికి తీశారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమని ఆరా తీయబట్టి దొరికింది. అర సెకనే కదా అని ఆయన ఊరుకుని ఉంటే?

మా వాళ్లలో ఒక కుర్రాడు నాతో వాదిస్తాడు: "సార్, వారాల తరబడి ఎరుపు కనిపిస్తుంటే జనం ఎరుపుని చూడటమే మానేస్తారు." అతను చెప్పింది నిజం. అందుకని మూడుసార్ల పద్ధతి ఎత్తేశాం గానీ, ఫెయిలవుతుందని తెలిసినదాన్ని కారణం రాసి అలాగే ప్రకటిస్తున్నాం. ఇంకో నియమం పెట్టాను. కొత్త టెస్టు తెచ్చినవాళ్లు టూల్‌ని కావాలని చెడగొట్టి, టెస్టు ఎర్రబడటం చూపించాలి. చాదస్తం అన్నారు. సరే అని పాత టెస్టుల మీద నేనే చేసి చూశాను. టూల్‌ని నిలువునా చెడగొట్టినా కొన్ని పచ్చగానే ఉన్నాయి! ఏళ్ల తరబడి పాసవుతూనే ఉన్నాయవి. టూల్ ఇచ్చినదాన్ని పైపులో వేరే కమాండుకి పంపారు. షెల్ ఆ చివరి కమాండు ఫలితాన్నే చూస్తుంది, అది ఎప్పుడూ విజయమే. ఆ టెస్టులు ఇన్నాళ్లూ ఏ ప్రశ్నా అడగలేదన్నమాట.

మొన్నటి సమావేశంలో ఇదంతా మాస్టారికి చెప్పాను. ఓపికగా విని, "ఇంకా స్కిప్‌లో ఎన్నున్నాయి?" అన్నారు. తొమ్మిది. ఏడింటికి కారణం రాసి ఉంది. రెండు ఎందుకు ఆపారో ఎవరికీ తెలియదు. ఒకదాని స్కిప్ లైను ఈ రాత్రి తీసేసి నడిపిస్తున్నాను.