గెయిటీ యజమాని

రఘుపతి వెంకయ్య అనగానే మనకు గుర్తొచ్చేది ఆయన పేరిట ఉన్న ప్రభుత్వ సినిమా పురస్కారం. దానివల్ల పేరు నిలిచింది, సంతోషమే. కానీ ఆయన సినిమా హాళ్ల యజమాని అన్న సంగతి మరుగున పడింది. తెలుగు సినిమాకు తొలి పెట్టుబడి ఆ హాళ్ల టికెట్ల డబ్బే.

మచిలీపట్నంలో పుట్టి మద్రాసులో ఫోటోగ్రాఫరుగా స్థిరపడ్డారాయన. 1910 ప్రాంతంలో స్టూడియో తాకట్టు పెట్టి, 30,000 రూపాయలు పోసి క్రోనోమెగాఫోన్ అనే యంత్రం కొన్నారంటారు. ఆ రోజుల్లో ముప్పై వేలంటే పెద్ద ఆస్తి. తెర మీద బొమ్మ ఆడుతుంటే పాట గ్రామఫోను ప్లేటు మీంచి వచ్చేది. రెండింటినీ జతపరిచి నడపాలి; కాస్త అటూ ఇటూ అయితే పెదవులు ఒకటి, పాట ఒకటి. దాంతోనే విక్టోరియా పబ్లిక్ హాల్లో ఆటలు వేశారు. గుడారం కట్టుకుని ఊళ్లు తిరిగారు, సింహళం, బర్మా దాకా వెళ్లారు.

1914లో గెయిటీ కట్టించారు. మద్రాసులో భారతీయుడు సొంతంగా కట్టిన తొలి సినిమా హాలు అదే. తర్వాత క్రౌన్, గ్లోబ్. సొంత హాలుంటే ఏ బొమ్మ ఆడించాలో తనే తేల్చుకోవచ్చు, రోజూ చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయి, అవసరానికి అప్పూ పుడుతుంది. ఆ బలంతోనే కొడుకు ప్రకాష్‌ను సినిమా విద్యకు ఇంగ్లండు పంపారు. 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' సినిమా తీయించారు. దర్శకుడు సి. పుల్లయ్య వంటివారు పని నేర్చుకున్నది ఈ తండ్రీకొడుకుల దగ్గరే. చివరికి అప్పులు మీద పడి హాళ్లు చేతులు మారాయి.

గెయిటీకి ఏడాది ముందు మద్రాసులోనే వార్విక్ మేజర్ అనే ఆయన పెట్టిన ఎలక్ట్రిక్ థియేటర్ తపాలా శాఖ చేతికి పోయింది. అందుకే ఆ కట్టడం మౌంట్ రోడ్డులో నిలబడి ఉంది, అక్కడ స్టాంపులు అమ్ముతున్నారు. గెయిటీని మాత్రం ఈ శతాబ్దంలో పడగొట్టారు. నగరం నడిబొడ్డున స్థలానికున్న ధర ముందు పాత హాలు ఎన్నాళ్లు నిలుస్తుంది? తెలుగువాళ్లం అడ్డుపడలేదు సరికదా, ఆ కట్టడం మనదని చెప్పుకోనూ లేదు. ఇది నన్ను ఇప్పటికీ బాధిస్తోంది.

1921 నాటి బెజవాడ మారుతీ టాకీస్‌కైనా సరైన చరిత్ర రాసుకున్నామా? నటుల జీవితచరిత్రలు అల్మారాలు నింపాయి. హాలు కట్టినవారికి, లీజుకు నడిపినవారికి, ఆపరేటర్లకు ఒక్క పుస్తకం దొరకడం గగనం. పాత హాళ్ల వారసుల ఇళ్లలో లైసెన్సు కాగితాలు, కలెక్షను పుస్తకాలు, లీజు పత్రాలు ఉంటే దయచేసి పాత సామాన్లవాడికి వేయకండి. వాటి ఆధారంగా మీ ఊరి హాలు చరిత్ర రాసి పంపండి, అచ్చు వేసే పూచీ మాది.