బ్రోచర్లో బొమ్మ కాదు, మోడల్ ఇవ్వండి మహప్రభో!

సైనిక్‌పురి దగ్గర నేనో ఫ్లాటు కొన్నాను. కొనేముందు బిల్డరుగారి ఆఫీసులో పెద్ద టీవీలో త్రీడీ వాక్‌త్రూ చూపించారు. బాల్కనీలో పూలకుండీలు, కిటికీలోంచి బంగారంలాంటి ఎండ... ఆ ఎండే నా కొంప ముంచింది. మా బెడ్రూం గోడ పడమర వైపు. ఏప్రిల్లో రాత్రి పదింటికి కూడా గోడ వేడిగానే ఉంటుంది, ఏసీ ఆపితే నిద్ర ఉండదు.

ఇంకోటి. స్లాబు పోశాక తేలిందేంటంటే, బాత్రూం పైపు వెళ్ళాల్సిన దారిలో బీము ఉంది! కోర్ కటింగ్ మిషను తెచ్చి బీముకే కన్నం పెడతామన్నారు. కుదరదని గొడవపడితే పైపు దారి మార్చారు. ఆ గొడవలో పోయిన వారాలకి ఇంటద్దె, బ్యాంకు వడ్డీ రెండూ కట్టింది నేనే.

అదే రోజుల్లో సికింద్రాబాదులోనే ఒక ఆఫీసులో మా ఫ్రెండు ఏం చేస్తున్నాడో తెలుసా? ఇంగ్లండులో కట్టబోయే ఆసుపత్రి మోడల్లో ఏ పైపు ఏ బీముకి తగుల్తుందో వెతుకుతున్నాడు. వాళ్ళ బగ్ డిజైన్లో దొరికింది, నాది ప్రొడక్షన్లో.

ఈ బిమ్ అనేదాన్ని మనవాళ్ళు త్రీడీ బొమ్మ అనుకుంటారు. కాదు. అందులో గోడ ఒక ఆబ్జెక్టు. మందమెంత, ఏ ఇటుక, ఏ దిక్కు, ఎంత వేడి లోపలికి వదుల్తుంది, ఇవన్నీ దాని ప్రాపర్టీలు. పనుల తేదీలు తగిలిస్తే 4డీ, రేట్లు కూడా తగిలిస్తే 5డీ. కిటికీ పెద్దది చేస్తే ఖర్చెంత, కరెంటెంత అన్నది కట్టకముందే చూసుకోవచ్చు.

"అవన్నీ ఫారిన్లో నడుస్తాయి సార్" అంటారు. బ్రిటన్‌లో 2016 నుంచి కేంద్ర ప్రభుత్వ ప్రాజెక్టులకి ఇది తప్పనిసరి చేసిన మాట నిజమే. మరి నాగపూర్ మెట్రో 5డీ బిమ్ వాడింది కదా, నాగపూర్ ఫారినా? ఖర్చెక్కువంటారా, వేడి లెక్కలు కట్టే ఎనర్జీప్లస్ 2001 నుంచీ ఉచితమే. 2018లో వచ్చిన ఎకో నివాస్ సంహిత ప్రకారం మనలాంటి వాతావరణంలో పైకప్పు కాక మిగతా గోడలు, కిటికీల గుండా వచ్చే వేడి సగటున చదరపు మీటరుకి 15 వాట్లు దాటకూడదు. ఈ లెక్కకి ఎక్సెల్ షీటు చాలు!

చెత్త డేటా పెడితే చెత్తే వస్తుందన్న మాట మాత్రం ఒప్పుకుంటాను. సైట్లో మేస్త్రీ మార్చింది మోడల్లో మార్చకపోతే అది మళ్ళీ బొమ్మే.

ఇది ఫ్లాట్లతో ఆగే సంగతి కాదు. మన సికింద్రాబాద్ స్టేషన్నే తీసుకోండి. దాదాపు 720 కోట్ల పునర్నిర్మాణానికి 2023 ఏప్రిల్లో శంకుస్థాపన చేశారు. రైళ్ళు నడుస్తుండగానే కట్టాలి. ఏ వారం ఏ ప్లాట్‌ఫారం మూయాలి, ఏ రైలు చర్లపల్లి నుంచి నడపాలి అన్నదే అక్కడ అసలు చిక్కు. 4డీ ఉన్నది సరిగ్గా ఇలాంటి చిక్కులకే. జనం డబ్బుతో కట్టేవాటికి ఆ ప్లాను జనానికి చూపించమని అడగడం అత్యాశేం కాదు.

అయినా బిల్డర్లని అని ఏం లాభం, తప్పు మనది. వాస్తు అడుగుతాం, కారు పార్కింగు అడుగుతాం, క్లబ్ హౌసులో జిమ్ముందా అని అడుగుతాం. పడమటి గోడ గురించి ఒక్కడం అడగం. ఆఫీసులో టెస్టు రిపోర్టు లేకుండా రిలీజుకి ఒప్పుకోని మనమే, ఇరవయ్యేళ్ళు ఈఎంఐ కట్టే ఇంటికి కళ్ళు మూసుకుని సంతకం పెడతాం. నేనూ పెట్టాను.

ఈసారి అడ్వాన్సు ఇచ్చేముందు మూడడగండి. ఆ 15 వాట్ల లెక్కలో మా ఫ్లాటుకి ఎంతొచ్చింది? ఏ నెలలో ఏ పని, తేదీలతో చూపిస్తారా? తాళాలతో పాటు, ఉన్నదున్నట్టు కట్టిన మోడల్ ఐఎఫ్‌సీ ఫైలుగా ఇస్తారా? (ఐఎఫ్‌సీ అంటే ఐఎస్ఓ ప్రమాణమే, ఒకే కంపెనీ సాఫ్ట్‌వేరుకి కట్టుబడక్కర్లేదు.)

మొదటివాడు అడిగితే నవ్వుతారు. వందోవాడు అడిగేసరికి బ్రోచర్లో వేస్తారు. ఆ మొదటివాళ్ళం మనమే కాకపోతే ఇంకెవరు?